పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌కు తక్కువ ఖర్చులో కచ్చితమైన పెల్లెట్లను ఎంచుకోవడం: సమగ్ర మార్గదర్శి

కర్నూలు, అనంతపురం, కడప ప్రాంతాల్లో పది మీటర్ల ఎయిర్ రైఫిల్ సాధన మొదలుపెట్టిన విద్యార్థులు, వారి తల్లిదండ్రులు పదే పదే అడుగుతున్న ప్రశ్న ఒకటుంది. ఏ పెల్లెట్ (ఎయిర్ రైఫిల్‌లో వాడే చిన్న సీసపు గుండు) కొనాలి, దాని మీద ఎంత ఖర్చు పెట్టాలి? ఒక పేరు చెప్పేసి ఊరుకుంటే ఈ ప్రశ్నకు జవాబు దొరికినట్టు కాదు. ఒక రైఫిల్‌లో చక్కగా పడే పెల్లెట్ అదే కంపెనీకి చెందిన మరో రైఫిల్‌లో చెదిరిపోవచ్చు. అందువల్ల ఎవరి రైఫిల్ గొట్టానికి తగిన పెల్లెట్‌ను వారే పరీక్షించి తేల్చుకోవాలి. ఆ పరీక్షను డబ్బు వృథా కాకుండా, సరైన వరుసలో చేసే పద్ధతి ఇక్కడ ఉంది.

ఇది 4.5 మి.మీ. ఎయిర్ రైఫిల్‌కు, పది మీటర్ల కాగితపు లేదా ఎలక్ట్రానిక్ టార్గెట్‌కు మాత్రమే వర్తిస్తుంది. 2016 ఆయుధ నియమాల ప్రకారం గొట్టం లోపలి అడ్డుకొలత 4.5 మి.మీ.నీ, గుండు శక్తి 20 జౌల్‌లనూ మించని ఎయిర్ రైఫిల్‌కు లైసెన్సు అవసరం లేదు. లైసెన్సు అక్కరలేదు కదా అని పిట్టల మీద, ఉడుతల మీద గురిపెట్టడం తగదు. వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది నేరం.

## 1. ముందు మీ చెదురు ఎంతో తెలుసుకోండి

చాలామంది ఈ అడుగును దాటవేసి నేరుగా అంగడికి వెళతారు. డబ్బు ఎక్కువగా వృథా అయ్యేది అక్కడే.

టార్గెట్ మీద గుండ్లు చెదరడానికి కారణాలు రెండు. మొదటిది మీ నిలకడ, ఊపిరి, ట్రిగ్గర్ లాగే తీరు. రెండవది రైఫిలూ పెల్లెట్టూ కలిసి చేసే చెదురు. ఈ రెండూ నేరుగా కూడుకోవు. రెంటి వర్గాలను కూడి, ఆ మొత్తానికి వర్గమూలం తీస్తే అసలు చెదురు వస్తుంది.

ఉదాహరణకు, కొత్తగా నేర్చుకుంటున్న ఒక విద్యార్థి చెదురు 15 మి.మీ. అనుకుందాం. 4 మి.మీ. చెదరే చవక పెల్లెట్ వాడితే మొత్తం సుమారు 15.5 మి.మీ. అవుతుంది. 2.5 మి.మీ. మాత్రమే చెదరే ఖరీదైన పెల్లెట్ వాడితే 15.2 మి.మీ. అవుతుంది. రెట్టింపు ధర పెట్టినా దక్కేది మి.మీ.లో మూడో వంతు కూడా కాదు.

అదే 5 మి.మీ. చెదురుకు చేరుకున్న క్రీడాకారిణి విషయంలో లెక్క మారుతుంది. మొదటి పెల్లెట్‌తో 6.4, రెండవ పెల్లెట్‌తో 5.6 మి.మీ. వస్తుంది. పది వలయం అంచున నిలిచే గుండు ఎటు పడుతుందో ఈ తేడాయే నిర్ణయిస్తుంది. అంటే ఖరీదైన పెల్లెట్‌కు అర్థం మీ నిలకడ పెరిగిన తరువాతనే ఏర్పడుతుంది. మొదటి ఏడాది ఆ డబ్బును ఎక్కువ గుండ్లు కాల్చడానికి వెచ్చించడం మేలని నేను గట్టిగా నమ్ముతాను.

టార్గెట్ కొలతలు కూడా గుర్తుంచుకోండి. పది మీటర్ల రైఫిల్ టార్గెట్‌లో పది వలయం అడ్డుకొలత 0.5 మి.మీ. మాత్రమే, తొమ్మిది వలయం 5.5 మి.మీ. పెల్లెట్ అంచు వలయాన్ని తాకినా చాలు కాబట్టి, పెల్లెట్ కేంద్రం టార్గెట్ కేంద్రానికి 2.5 మి.మీ. లోపల పడితే 10.0 లేదా అంతకంటే ఎక్కువ వస్తుంది. ప్రతి వలయాన్ని పది భాగాలు చేసే దశాంశ లెక్కింపులో ప్రతి 0.1కి దూరం 0.25 మి.మీ. ఈ అంకెలు తెలిస్తే ఏ తేడా ముఖ్యమో, ఏ తేడాను పట్టించుకోనక్కరలేదో మీకే తేలిపోతుంది.

## 2. అవసరాన్ని కాగితం మీద రాయండి

నెలకు ఎన్ని గుండ్లు కాలుస్తారో ముందు లెక్కవేయండి. వారానికి ఐదు రోజులు, రోజుకు 80 గుండ్ల చొప్పున సాధన చేస్తే నాలుగు వారాలకు 1600 అవుతాయి. పెల్లెట్లు సాధారణంగా 500 గల డబ్బాల్లో వస్తాయి కాబట్టి నెలకు మూడు డబ్బాలకు పైగా కావాలి. పోటీలో లెక్కకు వచ్చేవి 60 గుండ్లు, వాటికి ముందు గురి సరిచూసుకోవడానికి కాల్చే, లెక్కకు రాని సర్దుబాటు గుండ్లు ఉంటాయి. ఏడాది మొత్తంలో పోటీ గుండ్లు సాధన గుండ్లలో చిన్న భాగమే.

అందుకే ఎక్కువమందికి రెండు రకాలు సరిపోతాయి: రోజువారీ సాధనకు చవకది ఒకటి, పోటీకీ దాని ముందు వారం సాధనకూ మంచిది ఒకటి. రెండూ దాదాపు ఒకే బరువులో ఉంటే సైట్ (గురి చూసే పరికరం) సర్దుబాటు మరీ మారదు.

## 3. పరీక్షకు పెట్టవలసిన రకాలు

ఆకారం విషయంలో సందేహం అక్కరలేదు. ముఖం బల్లపరుపుగా ఉండే వాడ్‌కట్టర్ పెల్లెట్టే కావాలి. అది అట్టకు గుండ్రటి, శుభ్రమైన రంధ్రం చేస్తుంది, లెక్క స్పష్టంగా తెలుస్తుంది. మొన తేలినవి, గుండు తల గలవి దూరపు గురికి పనికివస్తాయేమో కానీ ఇక్కడ వాటితో పనిలేదు.

బరువు 0.45 నుంచి 0.54 గ్రాముల మధ్య ఉండాలి. పోటీ రైఫిళ్లలో ఎక్కువగా వాడేవి 0.53 గ్రాముల దరిదాపువి. స్ప్రింగ్‌తో పనిచేసే ప్రాథమిక రైఫిళ్లలో 0.45 నుంచి 0.48 గ్రాములవి కూడా బాగా పడవచ్చు. రెండింటినీ పరీక్షించండి.

ధరల మెట్ల ప్రకారం చూస్తే జాబితా ఇలా ఉంటుంది.

- సాధనకు: ఆర్‌డబ్ల్యూఎస్ హాబీ, హెచ్ అండ్ ఎన్ ఎక్సైట్ ఎకాన్, నాణ్యత నిలకడగా ఉండే దేశీయ వాడ్‌కట్టర్ ఒకటి.
- మధ్య మెట్టులో: ఆర్‌డబ్ల్యూఎస్ మైస్టర్‌కుగెల్న్, హెచ్ అండ్ ఎన్ స్పోర్ట్.
- పోటీకి: ఆర్‌డబ్ల్యూఎస్ ఆర్10, హెచ్ అండ్ ఎన్ ఫినాలే మ్యాచ్, జేఎస్‌బీ మ్యాచ్, చైనాకు చెందిన క్యూవైఎస్ మ్యాచ్.

వీటన్నిటినీ కొనవద్దు. సాధన మెట్టు నుంచి రెండు, పై రెండు మెట్ల నుంచి రెండు, మొత్తం నాలుగు రకాలు చాలు. అంతకు మించితే పరీక్షకు ఓపిక మిగలదు, ఫలితాలు కలగాపులగమవుతాయి.

పోటీ రకాల డబ్బాల మీద 4.49, 4.50, 4.51 వంటి అంకెలు కనిపిస్తాయి. అవి పెల్లెట్ తల అడ్డుకొలతలు. పెల్లెట్ తల గొట్టంలోని గాడులను ఆనుకొని సాగుతుంది, వెనుక ఉన్న పల్చటి స్కర్ట్ గాలి ఒత్తిడికి విచ్చుకొని గొట్టాన్ని మూస్తుంది. తల వదులైతే పెల్లెట్ కొద్దిగా వంకరగా బయలుదేరుతుంది, మరీ బిగువైతే సీసం గీరుకుపోతుంది. మొదట 4.50ని పరీక్షించి, అది బాగుంటే అదే రకంలో 4.49, 4.51 చూడండి. మైక్రోమీటర్‌తో కొలిచి తేల్చుకోవాలని కొందరు ప్రయత్నిస్తారు. సీసం మెత్తనిది కాబట్టి ఆ నొక్కుడుకే దాని కొలత మారిపోతుంది. టార్గెట్ అట్ట చెప్పే సాక్ష్యాన్నే నమ్మాలి.

## 4. నమూనాలు కొనే పద్ధతి

మన వైపు క్రీడా అంగళ్లలో పోటీ రకాలు దొరకడం కష్టం. ఎక్కువమంది హైదరాబాద్ నుంచో, బెంగళూరు నుంచో తెప్పించుకుంటారు. కాబట్టి నలుగురు కలిసి తలా ఒక రకం డబ్బా తెప్పించి, ఒక్కొక్కరు 125 పెల్లెట్ల చొప్పున పంచుకోవడం అన్నిటికంటే చవక మార్గం. ఒక్క డబ్బా ధరకు నాలుగు రకాల నమూనాలు చేతికి వస్తాయి.

పంచుకునేటప్పుడు ప్రతి పొట్లం మీద నాలుగు వివరాలు రాయాలి.

- కంపెనీ, రకం పేరు
- బరువు
- తల కొలత
- డబ్బా మీది బ్యాచ్ అంకె

చివరి వివరాన్ని చాలామంది వదిలేస్తారు. ఒకే పేరు, ఒకే కొలత ఉన్నా వేరే బ్యాచ్ వేరేగా పడవచ్చు. పరీక్షలో గెలిచిన బ్యాచ్ ఏదో తెలియకపోతే ఆ పరీక్ష అంతా నీళ్ల పాలే.

పెల్లెట్లను ప్లాస్టిక్ కవరులో మూటగట్టి జేబులో వేసుకోవద్దు. దూది లేదా నురగ పరిచిన చిన్న డబ్బాలో, కదలకుండా పెట్టాలి. కొరియర్‌లో వచ్చిన డబ్బా సొట్టపడి ఉంటే పంచుకోవడానికి ముందే తెరిచి చూడండి. స్కర్ట్‌లు నలిగిన పెల్లెట్లతో పరీక్ష చేస్తే మంచి రకానికి కూడా చెడ్డపేరు వస్తుంది.

## 5. పెల్లెట్లను ఏరడం

ప్రతి రకం నుంచి 60 పెల్లెట్లను తెల్ల కాగితం మీద పోసి, మంచి వెలుతురులో చూడండి. స్కర్ట్ అంచు గుండ్రంగా ఉందా, సీసపు పొట్టు అంటుకొని ఉందా, తల మీద గీతలున్నాయా అని గమనించాలి.

తరువాత కొద్దిగా వాలుగా పెట్టిన అద్దం పలక మీద దొర్లించండి. స్కర్ట్ తలకంటే వెడల్పు కాబట్టి మంచి పెల్లెట్ వంపు తిరుగుతూ సాఫీగా దొర్లుతుంది. నలిగినది కుంటుతూ ఎగిరెగిరి పడుతుంది. అటువంటివాటిని పక్కన పెట్టి, ఎన్ని వచ్చాయో రకం వారీగా రాసుకోండి. చవక డబ్బాలో పనికిరానివి ఎక్కువగా ఉంటే దాని అసలు ధర మీరు అనుకున్నంత తక్కువ కాదు.

బరువు తూచి వేరుచేయడం గురించి చాలామంది అడుగుతారు. ప్రొద్దుటూరు బంగారు అంగళ్లలో ఉండేటటువంటి, మిల్లీగ్రాము చూపే తక్కెడ ఉంటే తూచవచ్చు. కానీ దానివల్ల కలిగే లాభమెంతో ముందు లెక్కవేద్దాం. సెకనుకు సుమారు 165 మీటర్ల వేగంతో వెళ్లే పెల్లెట్ పది మీటర్ల దూరంలో దాదాపు 18 మి.మీ. కిందికి జారుతుంది. బరువు ఒక శాతం, అంటే 0.005 గ్రాము మారితే వేగం సుమారు అర శాతం మారుతుంది, జారుడు 0.18 మి.మీ. మారుతుంది. అది దశాంశంలో ఒక మెట్టు కూడా కాదు. కాబట్టి సాధన పెల్లెట్లను తూచడం వృథా శ్రమ. ఆ సమయంలో స్కర్ట్‌లు చూడడం మేలు.

## 6. స్థలాన్ని సిద్ధం చేయడం

మిద్దె మీద పరీక్ష పెట్టుకోవాలని చాలామందికి అనిపిస్తుంది. అనంతపురం చుట్టుపక్కల జూన్ నుంచి ఆగస్టు దాకా వీచే గాలికి అది కుదరదు. అర గ్రాము సీసాన్ని పక్కగాలి పది మీటర్లలోనే కదిలిస్తుంది, ఆ తప్పు పెల్లెట్ మీద పడుతుంది. వేసవి మధ్యాహ్నం ఎండలో నేల నుంచి లేచే వేడి గాలికి టార్గెట్ తేలియాడుతున్నట్టు కనిపిస్తుంది. మూసిన గది, పొడవాటి వరండా, ఖాళీగా ఉన్న పెళ్లిమండపం, ఏదైనా సరే, గాలి లేని చోటు కావాలి. దొరకకపోతే తెల్లవారుజామున, ఆకు కదలని వేళ చూసుకోండి.

గొట్టం మూతి నుంచి టార్గెట్ దాకా కాక, క్రీడాకారుడు నిలిచే గీత నుంచి టార్గెట్ దాకా పది మీటర్లు టేపుతో కొలవండి. టార్గెట్ మీద వెలుతురు మొదటి గుండు నుంచి చివరి గుండు దాకా ఒకేలా ఉండాలి.

భద్రతకు ఈ జాబితాను పూర్తిచేసిన తరువాతే పెల్లెట్ డబ్బా తెరవండి.

- టార్గెట్ వెనుక వాలుగా అమర్చిన ఇనుప రేకు గల పెట్టె, దాని వెనుక గట్టి గోడ ఉన్నాయి.
- టార్గెట్ వైపు తలుపులన్నీ లోపలి నుంచి గడియ వేసి ఉన్నాయి.
- అక్కడున్న అందరికీ రక్షణ కళ్లద్దాలున్నాయి.
- సీసపు పెల్లెట్లు తప్ప ఉక్కు గుండ్లు లేవు. అవి రేకు తగిలి వెనక్కి ఎగురుతాయి.
- తినే వస్తువులు, తాగునీరు ఆ బల్ల మీద లేవు.

రైఫిల్‌ను ఆనించడానికి మందపాటి గుడ్డతో రెండు సంచులు కుట్టించి పొడి ఇసుకతోనో, కొర్రలతోనో నింపండి. కొర్రలు చిన్నగా, గుండ్రంగా ఉండి రైఫిల్ అడుగుభాగానికి చక్కగా సర్దుకుంటాయి. ఒకసారి వాడిన ఆ గింజలను మళ్లీ వంటకు వాడకూడదు, పశువులకూ వేయకూడదు.

## 7. కాల్చే వరుస

ఈ వరుసను మార్చకుండా పాటించండి.

1. గొట్టాన్ని శుభ్రం చేయండి. ఫెల్ట్ (ఒత్తిన ఉన్ని) పెల్లెట్లను, లేదా గుడ్డముక్క కట్టిన నైలాన్ తీగను వెనుక నుంచి ముందుకు లాగితే చాలు. ఇనుప కడ్డీ పనికిరాదు.
2. మొదటి రకం పెల్లెట్లు 20 నుంచి 30 దాకా లెక్క లేకుండా కాల్చండి. గొట్టం లోపలి సీసపు పూత కొత్త పెల్లెట్‌కు అలవాటు పడాలి.
3. ఐదు గుండ్ల గ్రూప్ (ఒకే గురికి వరుసగా కాల్చిన గుండ్ల గుంపు) ఒకటి కొత్త అట్ట మీద కాల్చి, అట్ట వెనుక రకం, బ్యాచ్, వరుస సంఖ్య రాయండి.
4. అదే రకంతో మరి మూడు గ్రూప్‌లు కాల్చండి.
5. పది నిమిషాలు విశ్రాంతి తీసుకొని రెండో రకానికి వెళ్లండి. మళ్లీ 20 గుండ్లు ముందుగా కాల్చాలి.
6. మరో రోజు ఇదే పరీక్షను రకాల వరుస తిప్పి చేయండి. మొదటి రోజు చివర్లో వచ్చిన రకం రెండో రోజు మొదట రావాలి. మన అలసట ఏ రకానికీ నష్టం చేయకుండా ఇది కాపాడుతుంది.

గాలి సిలిండర్ గల పీసీపీ రైఫిల్ అయితే ప్రతి రకానికీ ఒత్తిడి ఒకే స్థాయిలో ఉండేలా చూసుకోండి. సిలిండర్‌ను ఎండలో నిలిపిన కారులో ఎప్పుడూ వదలవద్దు.

స్ప్రింగ్ రైఫిల్ అయితే సంచి మీద నేరుగా నొక్కి పెట్టకూడదు. స్ప్రింగ్ విడిచినప్పుడు రైఫిల్ ముందుకు, వెనక్కి కదులుతుంది, గట్టిగా ఆపితే ఆ కదలిక గుండును పక్కకు తోస్తుంది. అరచేతిని సంచి మీద పెట్టి, రైఫిల్‌ను ఆ అరచేతి మీద వదులుగా, ప్రతిసారీ ఒకే చోట ఆనించాలి.

ఒక గుండు ట్రిగ్గర్ తప్పు వల్ల పక్కకు పోయిందని మీకు కాల్చిన క్షణంలోనే అనిపిస్తే, అట్ట చూడకముందే చెప్పి రాసుకోండి. చూసిన తరువాత గుర్తుకొచ్చిన తప్పులను లెక్కలోకి తీసుకోకూడదు.

## 8. గ్రూప్‌ను కొలవడం, ఫలితాన్ని చదవడం

ఐదు రంధ్రాల్లో దూరంగా ఉన్న రెండింటి బయటి అంచుల మధ్య కొలిచి, అందులోంచి 4.5 మి.మీ. తీసేయండి. మిగిలేది కేంద్రం నుంచి కేంద్రానికి ఉన్న దూరం. ఉదాహరణకు నాలుగు గ్రూప్‌ల బయటి కొలతలు 8.1, 7.4, 9.0, 7.9 మి.మీ. అనుకుందాం. సగటు 8.1, తీసివేత తరువాత 3.6 మి.మీ. కేంద్రం సరిగా సర్దితే ఈ పెల్లెట్ గుండ్లన్నీ పదిలోనే ఉండగలవు. సాధనకు ఇది బాగా సరిపోతుంది.

నాలుగింటిలో చక్కటి గ్రూప్‌ను మాత్రమే ఫొటో తీసుకొని దాన్నే పెల్లెట్ సామర్థ్యంగా భావించడం మామూలుగా జరిగే పొరపాటు. ఐదు గుండ్లు అనుకోకుండా ఒకచోట పడడం ఏమంత అరుదు కాదు. సగటునూ, అన్నిటికంటే పెద్ద గ్రూప్‌నూ పక్కపక్కన రాసుకోండి. పోటీలో మార్కులు పోగొట్టేది ఆ పెద్ద గ్రూపే.

రెండు రకాల సగటుల మధ్య తేడా అర మి.మీ. లోపలే ఉండి, వాటి గ్రూప్‌ల కొలతలు ఒకదాన్నొకటి దాటుతూ ఉంటే అవి మీ రైఫిల్‌కు సమానమైనవే. అప్పుడు చవకదాన్ని తీసుకోవడంలో సంకోచం అక్కరలేదు.

## 9. అసలు ధర

డబ్బా ధరను 500తో భాగించవద్దు. ఏరివేత తరువాత మిగిలినవాటితో భాగించాలి. ఉదాహరణకు 500 రూపాయల డబ్బాలో ఏరగా 400 మాత్రమే మిగిలితే ఒక్కొక్కటి రూపాయి పావలా పడినట్టు. 550 రూపాయల డబ్బాలో 495 మిగిలితే ఒక్కొక్కటి సుమారు రూపాయి పదకొండు పైసలు. కొరియర్ ఖర్చును కూడా కలపండి. నలుగురు కలిసి ఒకేసారి పది డబ్బాలు తెప్పిస్తే ఆ భారం తగ్గుతుంది.

నిర్ణయం తీసుకున్నాక ఒకే బ్యాచ్‌లో కనీసం ఆరు నెలలకు సరిపడా సాధన పెల్లెట్లు కొనండి. పోటీ పెల్లెట్లయితే ఆ పోటీకాలం మొత్తానికి ఒకే బ్యాచ్ తీసుకోవాలి. అమ్మకందారును బ్యాచ్ అంకె ఫొటో పంపమని అడగండి. పంపడానికి ఇష్టపడని చోట పెద్ద మొత్తంలో కొనకండి.

## 10. తరచుగా వచ్చే ఇబ్బందులు, సవరణలు

నిన్నటిదాకా బాగా పడిన పెల్లెట్ ఒక్కసారిగా చెదురుతోంది. పెల్లెట్‌ను అనుమానించే ముందు సైట్ మరలు, స్టాక్ (భుజానికి ఆనించే పిడి) బోల్టులు వదులయ్యాయేమో చూడండి. తరువాత గొట్టం శుభ్రం చేసి 20 గుండ్లు కాల్చి మళ్లీ పరీక్షించండి.

గ్రూప్ నిలువుగా సాగుతోంది. వేగం మారుతున్నదని అర్థం చేసుకోవచ్చు. పీసీపీలో ఒత్తిడి చూడండి, స్ప్రింగ్ రైఫిల్‌లో గొట్టం మూసే చోటి రబ్బరు సీలు అరిగిందేమో చూడండి.

గ్రూప్ అడ్డంగా సాగుతోంది. గాలి, ట్రిగ్గర్‌ను పక్కకు లాగడం, భుజానికి రైఫిల్ ఆనే చోటు మారడం, ఈ మూడింటిలో ఒకటి కారణం కావచ్చు.

పెల్లెట్ గొట్టంలోకి వేళ్లతో నెట్టినా దిగడం లేదు. తల కొలత ఒక మెట్టు తగ్గించి చూడండి. కడ్డీతో బలవంతంగా తోయవద్దు.

పెల్లెట్ల మీద తెల్లటి పొడి చేరింది. తేమ తగిలి సీసం మారిన గుర్తు అది. ఆ డబ్బాను పోటీకి వాడవద్దు. ముట్టుకుంటే చేతులు కడుక్కోండి. మన ఎండాకాలపు పొడి గాలిలో ఇది అరుదే కానీ, వానాకాలంలో స్టీలు బీరువా అడుగున పెట్టిన డబ్బాలకు పడుతుంది.

పెల్లెట్లకు నూనె రాయాలా? అక్కరలేదు. ముఖ్యంగా స్ప్రింగ్ రైఫిల్‌లో నూనె ఆవిరికి మంట పుట్టి వేగం అడ్డదిడ్డంగా మారుతుంది, సీళ్లు పాడవుతాయి.

## 11. సీసం విషయంలో పాటించవలసినవి

ఇది ఇంట్లో పిల్లలున్న ప్రతి ఒక్కరూ గోడకు అంటించుకోవలసిన జాబితా.

- పెల్లెట్లను ఎప్పుడూ నోట్లో పెట్టుకోవద్దు, పళ్లతో పట్టుకోవద్దు.
- సాధన కాగానే సబ్బుతో చేతులు, ముఖం కడుక్కోవాలి. ఆ తరువాతే తినాలి, ఫోన్ పట్టుకోవాలి.
- నేల మీది దుమ్మును చీపురుతో ఊడ్చవద్దు. తడిగుడ్డతో తుడవండి.
- టార్గెట్ పెట్టెలో చేరిన సీసాన్ని మూత గల డబ్బాలో దాచి, పాత లోహం కొనేవారికి సీసమని చెప్పి ఇవ్వండి. చెత్తకుప్పలో, బావి దగ్గర, పొలంలో పోయవద్దు.
- పెల్లెట్లను ఏరడానికి వాడిన పళ్లెం, జల్లెడ వంటింట్లోకి తిరిగి వెళ్లకూడదు.

## 12. కొత్త బ్యాచ్ వచ్చినప్పుడు

పాత బ్యాచ్‌లో కనీసం 100 పెల్లెట్లు మిగిలి ఉండగానే కొత్తది తెప్పించండి. ఒకే రోజున, ఒకే సంచుల మీద, పాతవి రెండు గ్రూప్‌లు, కొత్తవి నాలుగు గ్రూప్‌లు, చివర పాతవి మరో రెండు గ్రూప్‌లు కాల్చండి. కొత్తదాని సగటు పాతదాని సగటుకు అర మి.మీ. లోపల ఉంటే తీసుకోవచ్చు. అంతకు మించి చెదిరితే ఆ బ్యాచ్‌ను సాధనకు వాడుకొని, పోటీకి అదే రకంలో మరో తల కొలతను పరీక్షకు పెట్టండి. గ్రూప్ బాగుండి కేంద్రం మాత్రమే జరిగి ఉంటే పెల్లెట్ తప్పు కాదు. సైట్‌ను ఎన్ని క్లిక్‌లు తిప్పారో బ్యాచ్ అంకె పక్కన రాసిపెట్టుకుంటే, పోటీ నాడు సర్దుబాటు గుండ్ల సమయంలో తడబాటు ఉండదు.